సముద్రమట్టం ఎందుకు పెరుగుతోంది? బల్ల మీద కట్టే రెండు ఎగ్జిబిట్లు

నమస్కారం. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి వైపు బడి మ్యూజియంలో వాతావరణ మార్పు అనగానే గోడ నిండా పోస్టర్లు అంటించేస్తారు. వాటి ముందు ఎవరూ నిలబడరు. రెండు జతల తొట్లు, ఒక ఫ్లాస్కు చాలు, కట్టేద్దాం.

ముందు ఐసు. 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 15 ఎత్తున్న అక్రిలిక్ తొట్లు రెండు తీసుకోండి. రెండింట్లోనూ 10 సెంటీమీటర్ల పొడవు, 10 వెడల్పు, 12 ఎత్తున్న గ్రానైట్ దిమ్మ ఒక్కొక్కటి నిలబెట్టండి. ఇటుక పెట్టారా, అది నీళ్ళు తాగేసి లెక్క చెడగొడుతుంది. పాలిష్ చేసిన రాయీ వద్దు, ఐసు జారిపోతుంది.

అరకిలో ఐసు గడ్డలు రెండు తూచండి. ఒకటి దిమ్మ మీద పెట్టాలి. అది గ్రీన్‌లాండ్, అంటార్కిటికాల్లో నేల మీదున్న మంచు. రెండోది రెండో తొట్టి నీళ్ళలో తేలాలి. అది ఆర్కిటిక్ సముద్రం మీది మంచు. ఐసు పెట్టాకే రెండు తొట్లలోనూ నీళ్ళు 9 సెంటీమీటర్లకి తెచ్చి గీత గీయండి. ముందే గీస్తే, తేలే ఐసు వెయ్యగానే మట్టం పెరిగి, చూసేవాళ్ళు తప్పు పాఠం పట్టుకెళ్తారు.

దిమ్మ పోగా నీటి వైశాల్యం 500 చదరపు సెంటీమీటర్లు. అరకిలో ఐసు కరిగితే 500 మిల్లీలీటర్లు. అంటే మొదటి తొట్టిలో మట్టం సరిగ్గా 1 సెంటీమీటరు పెరగాలి. రెండో దాంట్లో గీత దాటదు. దాటిందంటే గడ్డ తొట్టి అడుక్కి ఆనుకుందన్నమాట. అందుకే దాని మందం 7 సెంటీమీటర్లు మించనివ్వకండి. మంచినీళ్ళే వాడండి. ఉప్పునీళ్ళలో తేలే ఐసు కరిగినా మట్టం కొంచెం పెరుగుతుంది. అది నిజమే గానీ, ఈ బల్ల దగ్గర ఆ గొడవ వద్దు.

ఐసు పూర్తిగా కరగడం గంటల పని. వచ్చినవాళ్ళు మీ దగ్గర నిమిషం ఉంటే గొప్ప. కాబట్టి పొద్దున్నే కరిగించేసిన ఇంకో జత తొట్లు, పాత గీతతో సహా, పక్కన గుడ్డ కప్పి ఉంచండి. మన గాలిలో తేమకి తొట్టి బయట చెమట పడుతుంది. గీత కనిపించేలా తుడుస్తూ ఉండాలి.

గుడ్డ తీసే ముందు ఒక పని. చేతికి ఒక చింతపిక్క ఇచ్చి, "ఏ తొట్టిలో నీళ్ళు పెరుగుతాయి?" అని అడిగి డబ్బాలో వేయించండి. ఎగ్జిబిట్ అంతటికీ ప్రాణం ఇదే. పందెం కాసినవాడు ఫలితం చూడకుండా కదలడు.

రెండోది ఫ్లాస్కు. 500 మిల్లీలీటర్ల గాజు ఫ్లాస్కు, రబ్బరు బిరడా, లోపలి వ్యాసం 4 మిల్లీమీటర్లున్న గాజు గొట్టం. మరిగించి చల్లార్చి రంగు కలిపిన నీళ్ళు అంచు దాకా పొయ్యండి. బిరడా కింద గాలి బుడగ మిగిలితే అది నీటికన్నా ఎన్నో రెట్లు వ్యాకోచించి అబద్ధం చెబుతుంది. 30 డిగ్రీల ఫ్లాస్కుని 40 డిగ్రీల నీళ్ళలో దించి కాసేపు ఆగితే గొట్టంలో నీరు దాదాపు 13 సెంటీమీటర్లు ఎక్కుతుంది. మొదటి క్షణాల్లో కాస్త దిగుతుంది, కంగారుపడకండి. ముందు వేడెక్కేది గాజు. ప్లాస్టిక్ సీసా మాత్రం వద్దు, పిల్లలు నొక్కితే చాలు నీళ్ళు పైకొస్తాయి.

ఇక్కడ చెప్పాల్సింది ఒక్క మాట: 1971 నుంచి 2018 దాకా పెరిగిన సముద్రమట్టంలో సుమారు సగం ఇలా నీరు వేడెక్కి ఉబ్బినందువల్లే.

లేబుల్ సంగతి. ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్ళో ఒడియా చదువుకున్నవాళ్ళు చాలామంది. తెలుగు అక్షరాలు రావు. అందుకని రాత ఒడియాలో పెద్దగా, తెలుగులో దాని పక్కనే పెట్టి, తెలుగులో చెప్పే మనిషిని బల్ల దగ్గర నిలబెట్టండి.

గంజాం తీరం కోత ఫోటో పెడితే "వాతావరణ మార్పు వల్లే" అని రాయకండి. నదులు తెచ్చే ఇసుక తగ్గడం, రేవు గోడలు కూడా కోతకి కారణమే. సముద్రంతో బతికే జాలరులకి ఆ సంగతి మీకన్నా బాగా తెలుసు. ఒక్క తప్పు మాట దొరికితే మిగతాదేదీ నమ్మరు.

సాయంత్రం తొట్లు ఖాళీ చేసి బోర్లించండి. నిలవ నీళ్ళలో దోమలు గుడ్లు పెడతాయి.