ఏటీఎం క్యూ అనుకున్నా, కప్‌కేకుల క్యూ అట! మా పక్క వీధి బేకరీ రివ్యూ

హాయ్ అండి, అందరికీ నమస్తే. మొదలుపెట్టే ముందు ఒక మాట చెప్పేస్తాను. ఈ డబ్బాలో ఆరు కప్‌కేకులున్నాయి. రెండు నేను డబ్బులిచ్చి కొన్నవి. వీడియో తీస్తున్నానని తెలిశాక మిగతా నాలుగూ షాపువాళ్లు ఊరికే ఇచ్చారు. ఊరికే వచ్చింది నోటికి కాస్త ఎక్కువ రుచిగానే ఉంటుంది, ఆ లెక్క మీరే తీసేసుకోండి.

ఎన్ని ఫ్లేవర్లున్నాయి, ఎప్పుడు తెరుస్తారు లాంటివి చదవను. అవన్నీ ఈపాటికి మీరెక్కడో చూసే ఉంటారు. ఈ ఏరియాలో దీని గురించి తెలియనిది నాకొక్కదానికే! రోజూ ఆ క్యూ చూసి, పక్కనున్న ఏటీఎంది అనుకుని వెళ్లిపోయేదాన్ని. నవ్వకండి, కప్‌కేకులిచ్చే ఏటీఎం నిజంగానే వచ్చింది. 2012లో స్ప్రింకిల్స్ అనే బేకరీ అమెరికాలోని బెవర్లీ హిల్స్‌లో పెట్టింది.

సరే, ముందు వెనీలా. ఏ కొత్త బేకరీకి వెళ్లినా నేను మొదట తీసేది ఇదే. చాక్లెట్ అయితే కోకో ఘాటులో సగం తప్పులు కొట్టుకుపోతాయి.

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా చూడండి. క్రీము మరీ ఎత్తుగా లేదు కదా? నిజం చెప్పాలంటే డబ్బా తెరవగానే నాకు కొంచెం నిరాశే కలిగింది. అసలు ఆ ఎత్తు పిచ్చిలోనే నేనొకసారి పప్పులో కాలేశాను. అప్పట్లో ఇంకో బేకరీ రివ్యూ చేశాను, పేరు చెప్పను. అక్కడ కేకు ఎంతుందో క్రీము అంతుంది. "అబ్బ, ఎంత బాగా నిలబడిందో!" అని కెమెరా ముందు తెగ మెచ్చేసుకున్నా. తీరా ఎడిటింగ్‌కి కూర్చునే సరికి కూడా అంగిలికి మైనం పూసినట్టే ఉంది. వేడివేడి టీ తాగితే గానీ వదల్లేదు. అయినా మార్కులు మార్చకుండానే వీడియో పెట్టేశాను. అది నా తప్పే.

అలా ఎందుకవుతుందంటే, వెన్న సుమారు 32 నుంచి 35 డిగ్రీల మధ్య కరుగుతుంది. మన నోట్లో వేడి దాదాపు 37. అందుకే వెన్నతో చేసిన క్రీము నాలుక మీద పెట్టగానే జారిపోతుంది. షార్టెనింగ్ అని ఉంటుంది, గట్టిగా ఉండేలా తయారుచేసిన వెజిటబుల్ ఫ్యాట్. అందులో కొంత భాగం నోటి వేడికి కరగదు. ఎండలో కూడా క్రీము ఠీవిగా నిలబడేది అందుకే, మనకి నాలుక మీద జిడ్డు మిగిలేదీ అందుకే.

ఇప్పుడు దీన్ని చూడండి. కొంచెం వేలి మీద పెట్టుకున్నా... మీతో మాట్లాడుతుండగానే అంచులు మెరుస్తున్నాయి, కనిపిస్తోందా? కరుగుతోంది. నోట్లో వేసుకుంటే... ఊఁ. పోయింది. అంగిలి శుభ్రంగా ఉంది. పైగా పళ్లు జివ్వుమనేంత తీపి లేదు. ఉత్త వెన్న, ఐసింగ్ షుగర్ కలిపి గిలక్కొడితే ఇలా రాదే అనిపించి కౌంటర్లో ఆవిణ్ణి అడిగాను. స్విస్ మెరింగ్ పద్ధతట. గుడ్డు తెల్లసొన, చక్కెర గిన్నెలో వేసి మరిగే నీళ్ల ఆవిరి మీద వేడిచేసి, నురగ గట్టిపడి చల్లారేదాకా గిలక్కొట్టి, అప్పుడు వెన్న ముక్కలు ఒక్కొక్కటే వేస్తారు. చాకిరీ అండి అది! నేను ఇంట్లో ఒకసారి చేస్తే విరిగిన పాలలా అయిపోయింది. గుడ్డు తినని వాళ్లు మాత్రం గుర్తుపెట్టుకోండి, ఇక్కడ కేకులోనే కాదు, క్రీములోనూ గుడ్డుంది.

ఇంత బాగా చేసినవాళ్లు వీటిని తీసుకెళ్లి ఫ్రిజ్ షోకేసులో పెడతారా! నాకు ఒళ్లు మండింది. రెండోది షోకేసులోంచి తీసి అక్కడే కొరికితే పైన వెన్న ముద్ద, కింద ఎండు స్పాంజి. ఫ్రిజ్ చల్లదనానికి వెన్న బిగుసుకుంటుంది, కేకులోని స్టార్చ్ కూడా బయట ఉన్నప్పటికన్నా తొందరగా గట్టిపడిపోతుంది. క్రీమ్ చీజ్ వేసిన రెడ్ వెల్వెట్‌ని ఫ్రిజ్‌లో పెట్టారంటే అర్థముంది, పాడైపోతుంది కాబట్టి. నిన్నగాక మొన్న పుట్టిన వెనీలా ఏం పాపం చేసింది? అదే కప్‌కేకు ఇంటికి తెచ్చి ముప్పావుగంట బల్ల మీద వదిలేస్తే మళ్లీ ప్రాణం వచ్చింది. ఆ ముప్పావుగంట ఆగమని కౌంటర్లో ఒక్కరూ చెప్పరు.

ఇంకో చిన్న చిరాకు, ఈ పేపర్. చూడండి, లాగుతుంటే కేకు సగం పేపర్‌తోనే వచ్చేస్తోంది. 1796లో అమెరికాలో అచ్చయిన అమీలియా సిమన్స్ వంటల పుస్తకంలోనే చిన్న కప్పుల్లో కాల్చే కేకు ఉంది. నిజం కప్పులోనే ఇస్తే స్పూను పెట్టుకుని తినేవాళ్లం కదా.

చాక్లెట్ బాగుంది, అంతకంటే చెప్పడానికేం లేదు. లెమన్‌ది ఒకటి మా వాళ్లు తినేశారు, రివ్యూ వాళ్లనే అడగాలి.

మార్కులా? ఫ్రిజ్ గురించి ఇంత తిట్టాక తక్కువ వేయాలి నిజానికి. కానీ ఆ క్రీము తలుచుకుంటే చెయ్యి రావట్లేదండి. పదికి తొమ్మిది. ఓవెన్లోంచి తీసి, చల్లార్చి, క్రీము పెట్టి, ఇంకా ఫ్రిజ్‌లోకి తోయని ట్రే ఒకటి పొద్దున్నే ఉంటుందని ఆవిడ నాకు చెప్పింది. ఏ టైముకో మాత్రం చెప్పను. ఇప్పటికే క్యూ ఏటీఎం దాటిపోయింది.