ఐదో చక్రం కూడా రోడ్డెక్కాలి

శ్రోతలకు నమస్కారం. ఫోర్ వీల్ డ్రైవ్ క్యాంపర్ వ్యాన్‌కి టైర్లు ఎన్ని అని ఎవరైనా అడిగితే నేను ఐదు అని చెబుతాను. స్టెప్నీని పక్కన పెట్టి లెక్కపెట్టను. ఎందుకో చెబుతాను.

మామూలు కారులో ఒక టైరు పాడైతే ఒకటో రెండో మార్చుకుని వెళ్లిపోవచ్చు. నాలుగు చక్రాలకూ ఎప్పుడూ ఇంజిన్ బలం అందే బండిలో ఆ వెసులుబాటు తక్కువ. 225/75 ఆర్ 16 సైజు టైరునే తీసుకోండి. కొత్తగా ఉన్నప్పుడు దాని చుట్టుకొలత దాదాపు 234 సెంటీమీటర్లు. గ్రిప్ 4 మిల్లీమీటర్లు అరిగితే, లెక్క ప్రకారం చుట్టుకొలత రెండున్నర సెంటీమీటర్లు తగ్గుతుంది. అంటే ప్రతి కిలోమీటరుకూ అరిగిన టైరు కొత్తదాని కంటే నాలుగైదు చుట్లు ఎక్కువ తిరగాలి. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య బలాన్ని పంచే భాగాలు, అంటే సెంటర్ డిఫరెన్షియల్ కానీ, విస్కస్ కప్లింగ్ కానీ, క్లచ్ పలకలు కానీ, ఈ తేడాను సర్దుతూ ఉండాలి. మలుపుల్లో కాసేపు సర్దడం వాటికి కష్టం కాదు. తిన్నని రోడ్డు మీద కూడా గంటల తరబడి అదే పనైతే వేడెక్కి పాడవుతాయి. టైర్ల మధ్య అరుగుదల తేడా ఎంతవరకు ఉండొచ్చో బండి మాన్యువల్‌లో చూడండి. చాలా బండ్లకు అది రెండు మూడు మిల్లీమీటర్లకు మించదు.

ఇప్పుడు స్టెప్నీ సంగతి. నాలుగు టైర్లూ సగం అరిగాక ఒకదాని పక్క గోడను రాయి చీల్చిందనుకోండి. వెనక తలుపుకు వేలాడుతున్న స్టెప్నీ సరికొత్తది. దాన్ని బిగిస్తే, నేను పైన చెప్పిన తేడా మీరే తెచ్చిపెట్టుకున్నట్టు. అందుకే ఐదింటినీ కలిపి తిప్పాలి. 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు ఒకసారి చాలు. వరుస రాసుకోండి: స్టెప్నీ కుడి వెనక్కి, కుడి వెనకది కుడి ముందుకు, కుడి ముందుది ఎడమ వెనక్కి, ఎడమ వెనకది ఎడమ ముందుకు, ఎడమ ముందుది స్టెప్నీ స్థానంలోకి. టైరు మీద తిరిగే దిక్కు చూపే బాణం గుర్తు ఉంటే మాత్రం ఈ వరుస పనికిరాదు. అలాంటివి అదే పక్కన ముందుకీ వెనక్కీ మారతాయి, అంతే.

మార్చాక చాలామంది మరచిపోయేది గాలి. క్యాంపర్‌లో మంచం, వంటగది, నీళ్ల ట్యాంకు చాలావరకు వెనకే ఉంటాయి. వంద లీటర్ల నీళ్లంటేనే వంద కిలోలు. అందుకే వెనక టైర్లకు సాధారణంగా గాలి ఎక్కువ పెడతారు. టైరు చోటు మారితే గాలీ మారాలి. నీళ్లు, సామాను, మనుషులు అందరితో సహా ఒక్కో ఇరుసునూ వేబ్రిడ్జి మీద తూకం వేయించండి. టైరు మీద సైజు పక్కన ఉండే బరువు సూచిక అంకె (లోడ్ ఇండెక్స్) 121 అని ఉంటే అది ఒక్కటీ 1,450 కిలోలు మోయగలదు. మీ వెనక ఇరుసు బరువుకు ఆ అంకె సరిపోతుందో లేదో అప్పుడే తేలుతుంది.

రిమ్ముల విషయంలో నాకు జరిగింది చెప్పాలి. వ్యాన్‌కి అలాయ్ రిమ్ములు వేయించాను. స్టెప్నీకి పాత స్టీలు రిమ్మే ఉంచాను. పంక్చరైన రాత్రి స్టెప్నీ బిగిస్తే చక్రం తిరగలేదు. అలాయ్ రిమ్ము మందం, దాని బోల్టులు పొడవు. పలచటి స్టీలు రిమ్ములోంచి అవి లోపలికి ఎక్కువ దిగి బ్రేకు భాగానికి ఆనుకున్నాయి. పిల్లలు బండిలో నిద్రపోతున్నారు, నాకు చెమటలు పట్టాయి. అప్పటినుంచి స్టీలు రిమ్ముకు సరిపడే బోల్టులు వేరే డబ్బాలో ఉంటాయి. బోల్టు పొడవే కాదు, అది కూర్చునే కొస కోనులా ఉందా, గుండ్రంగా ఉందా అన్నదీ కుదరాలి. ఐదు రిమ్ములూ ఒకే రకమైతే ఈ టెన్షన్ ఉండదు, పైగా ఐదింటినీ తిప్పడమూ కుదురుతుంది.

స్టెప్నీ బండి కింద వేలాడేదైతే ఏడాదికి రెండుసార్లు దించి చూడండి. మట్టికి, నీళ్లకు దాన్ని వేలాడదీసే తీగ తుప్పుపట్టి అసలు సమయానికి కదలదు. తలుపు వెనక ఉంటే ఎండ నుంచి కాపాడే తొడుగు వేయండి. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. పక్క గోడ మీద DOT అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ఆరేళ్లు దాటితే ఏటా పరీక్ష చేయించాలి, పదేళ్లు దాటితే గ్రిప్ ఎంత ఉన్నా మార్చేయాలి.

జాకీ కూడా నిండు బండి బరువును లేపగలిగేది కావాలి. మెత్తటి నేల మీద దాని కింద మందపాటి చెక్క పెట్టండి, మిగతా చక్రాలకు అడ్డు పెట్టండి. జాకీ మీదున్న బండి కిందకు దూరవద్దు. బోల్టులు ఎదురెదురుగా, టార్క్ రెంచ్‌తో, అంటే ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో బిగించండి. 50 నుంచి 100 కిలోమీటర్లు వెళ్లాక ఆగి, మళ్లీ ఒకసారి బిగించి చూడండి. కొత్తగా బిగించిన రిమ్ము కాస్త సర్దుకుని బోల్టు వదులవుతుంది. రెంచ్ సీటు పక్కనే పెట్టుకుంటే ఆగడానికి బద్ధకించరు. నమస్కారం.