గోదాట్లో ఉన్న ఎకరన్నర

శ్రోతలందరికీ నమస్కారమండి.

మాకు కాగితాల మీద ఎకరన్నర లంక భూమి ఉంది, లంక అంటే ఏట్లో ఒండ్రు మేటేసి తేలిన నేల. పాసుపుస్తకం ఉంది, సర్వే నంబరు ఉంది, హద్దులు కూడా రాసి ఉన్నాయి. భూమి మాత్రం గోదాట్లో ఉంది. గోదారి వశిష్ఠ పాయ ఏటా కొంచెం కొంచెం గట్టు కోసుకుంటూ వచ్చి ముందు అరటి తోట, తరవాత కొబ్బరి చెట్లు, ఆఖరికి మా తాతయ్య వేయించిన పశువుల పాక, అన్నీ తీసుకుపోయింది. నాకు పదేళ్లప్పుడు ఓ కొబ్బరి చెట్టు ఏట్లో పడిపోవడం దగ్గరుండి చూశాను. చెట్టు ఒక్కసారిగా పడిపోదండీ. ముందు వేళ్లు బయటపడి గాల్లో వేలాడతాయి, ఓ రెండు రోజులు కాయలతో సహా ఏటి మీదికి వంగి అలాగే నిలబడుతుంది, మూడో రోజు పొద్దున్నే వెళ్లి చూస్తే ఉండదు. అది ఉన్న చోట గట్టు కత్తితో కోసినట్టు నిలువుగా తేలింది. పైన నల్లటి ఒండ్రు, దాని కింద బెత్తెడు ఇసక, మళ్లీ ఒండ్రు, మళ్లీ ఇసక, ఎన్ని వరదలు వచ్చి వెళ్లాయో ఆ పొరల్లో కనిపిస్తూనే ఉంది. నేను ఏడుస్తుంటే మామ్మ అంది, "ఊరుకోవే, మట్టి ఎక్కడికి పోద్ది? ఇక్కడ కోసింది కింద ఇంకెక్కడో మేటేసుద్ది."

పాతికేళ్ల తరవాత ఆ మాట పట్టుకునే నేనిప్పుడు ఓ పెద్ద ఫాంటసీ కథ రాస్తున్నాను. ఒక పుస్తకంతో అయ్యేది కాదు, ఐదు పుస్తకాలు అవుతుంది. లేని లోకాన్ని ఒకదాన్ని కట్టుకోవడం, అది ఐదు పుస్తకాల బరువు మోసేలా కట్టుకోవడం ఎలాగో, చేస్తూ చేస్తూ నాకు తెలిసింది ఈ పూట మీకు చెబుతాను. మీలో రాసేవాళ్లుంటే పనికొస్తుంది. రాయకపోయినా, పిల్లలకి రాత్రిళ్లు కథ చెప్పి "తరవాతేమైంది" అంటే తడుముకునే అమ్మలూ నాన్నలూ ఉంటారు కదా, వాళ్లకీ పనికొస్తుంది.

మొదట నేను మ్యాపు గీశాను. పెద్ద చార్టు మీద నదులు, కొండలు, తొమ్మిది రాజ్యాలు. రాజులకి పేర్లు, తాతలకి పేర్లు, గుర్రాలకి కూడా పేర్లు. ఆరు నెలలు దాని మీదే కూర్చున్నాను, ఆ ఆరు నెలలూ కథ ఒక్క అడుగు కదల్లేదు. తరవాత ఎలాగో మొదటి పుస్తకం పూర్తి చేసి రెండోది మొదలుపెట్టాక అసలు చిక్కు బయటపడింది. మొదటి పుస్తకంలో నా మాంత్రికుడు కళ్లు మూసుకుని ఏ రేవులో కావాలంటే ఆ రేవులో తేలతాడు. రెండో పుస్తకంలో అతని కూతురు అవతలి గట్టున చావుబతుకుల మధ్య ఉంటే, ఏరు దాటించే పంటు కోసం రాత్రంతా రేవులో కూర్చుంటాడు. ఎందుకు కూర్చోవాలి? వెళ్లిపోవచ్చు కదా? ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. రెండొందల పేజీలు పక్కన పెట్టేశాను.

మన ఇళ్లల్లో చెప్పుకునే కథలు ఈ విషయంలో ఎంత గట్టివో అప్పుడు అర్థమైంది. మాంత్రికుడు ఎంతటివాడైనా కానివ్వండి, వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల మర్రి తొర్రలో చిలకలో ఉంటుంది. ఆ ఒక్క మాటతో వాడి బలమూ, వాడి భయమూ, కథ నడవాల్సిన దారీ మూడూ తేలిపోతాయి. వింటున్న ఐదేళ్ల పిల్లకి కూడా తెలుసు, చిలక దొరికితే కథ ముగుస్తుందని. అందుకని మ్యాపు మడిచి అటక మీద పెట్టి, నా లోకానికి ఉండాల్సిన ఒకే ఒక్క నియమం ఏమిటని ఆలోచించడం మొదలుపెట్టాను, అప్పుడు మామ్మ మాట గుర్తొచ్చింది.

నా లోకంలో మట్టికి జ్ఞాపకం ఉంటుంది. ఏరు ఒక చోట గట్టు కోసుకుపోయి కింద కొత్త లంక వేసిందనుకోండి, ఆ కొత్త మేట మీద వట్టి కాళ్లతో మొదట అడుగుపెట్టిన మనిషికి, పై ఊళ్లో ఆ మట్టి మీద బతికినవాళ్ల జ్ఞాపకం ఒకటి వచ్చేస్తుంది. ఎవరి పెళ్లో, ఎవరి చావో, ఎవరు ఎక్కడ ఏం పాతిపెట్టారో. అయితే ఊరికే రాదు. ఒక జ్ఞాపకం వస్తే ఆ మనిషి సొంత జ్ఞాపకం ఒకటి ఏట్లో కలిసిపోతుంది, ఏది పోవాలన్నది మనిషి చేతిలో లేదు. అంతే నియమం. మంత్రదండాలూ లేవు, ఎగిరే గుర్రాలూ లేవు.

ఇక దాని మీద ప్రశ్నలు వేసుకుంటూ పోవడమే పని. కొత్త లంక మీద హక్కు ఎవరిది? మట్టి కోల్పోయిన పై ఊరివాళ్లదా, అది మేటేసిన చోట ఉన్న కింది ఊరివాళ్లదా? జ్ఞాపకం తెలిస్తేనే హక్కు తేలుతుంది కాబట్టి, డబ్బు పుచ్చుకుని కొత్త మేటల మీద నడిచే మనుషులు తయారవుతారు. వాళ్లకి మేటగాళ్లు, మేటగత్తెలు అని పేరు పెట్టుకున్నాను. డబ్బున్న కుటుంబం ఎప్పుడూ తన కాలు మోపదు, కూలి మనిషి కాలు మోపిస్తుంది. పంతొమ్మిదేళ్ల మేటగత్తె నా కథలో ముఖ్యమైన మనిషి. అప్పటికే ఎన్ని లంకలు తొక్కిందంటే, వాళ్ల అమ్మ మొహం గుర్తుంది కానీ ఆవిడని ఏమని పిలిచేదో గుర్తులేదు. ఈ పిల్ల కోసం నేను ఏ యుద్ధమూ కల్పించక్కర్లేకపోయింది, నియమంలోంచి తనే నడుచుకుంటూ వచ్చింది.

ఇదంతా ఉత్సాహంగా మామ్మకి చెబితే, ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ అంతా విని, "బానే ఉంది గానీ, వరదొచ్చినప్పుడు ఆ పిల్ల అన్నం ఎక్కడ వండుకుంటదే?" అని అడిగింది. ఈ ప్రశ్న దగ్గర నేను నెల రోజులు ఉండిపోయాను. లోకం అంటే అదేనండి. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గరైతే 11.75, 13.75, 17.75 అడుగులకి. ఈ అంకెలు మీరు రేడియోలో ఎన్నిసార్లు విన్నారో. మిగతావాళ్లకి ఇవి వార్తలు, లంకల్లో వాళ్లకి మాత్రం టైం. పైన నీరు ఇంత ఉంది అనగానే ఇంక ఎన్ని గంటలుందో మా ఇంట్లో లెక్క మొదలయ్యేది. బియ్యం డబ్బా అటక మీదికి, గేదెలు ఏటిగట్టు మీదికి, పొయ్యి మంచం మీదికి, పాసుపుస్తకాలూ రేషన్ కార్డూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి మామ్మ బొడ్లోకి. 1986 ఆగస్టు వరద గురించి మా పెద్దవాళ్లు ఇప్పటికీ ఏ గోడకి ఎంత ఎత్తున నీరొచ్చిందో చేత్తో తాకి చూపిస్తారు. ఇవన్నీ నా లోకంలోకి తీసుకున్నాను. అక్కడ రేడియో లేదు కాబట్టి పై ఊరినించి కింది ఊరికి డప్పు మీద కబురు వస్తుంది. ఎన్ని దెబ్బలు కొడితే ఎంత నీరు, ఏ దెబ్బకి పొయ్యి మంచం ఎక్కాలి, ఏ దెబ్బకి మనిషి పడవ ఎక్కాలి అన్నది రాసుకున్నాక గానీ ఆ పిల్ల ఇంట్లో నాకు కాలు పెట్టాలనిపించలేదు.

పేర్ల గురించి ఒక్క మాట. నోరు తిరగని పేర్లు పెడితే వేరే లోకం అయిపోదు. మేట, బోదె, పుంత, పుట్టి, రేవు, మెరక, పల్లం, ఇన్ని మాటలు మన చేతిలో ఉండగా నేను ఎక్కడికీ వెళ్లలేదు.

ఇప్పుడు ఐదు పుస్తకాల సంగతి. సప్త గోదావరి అంటాం కదా, తుల్య, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వశిష్ఠ, ఋషుల పేర్ల మీద ఏడు పాయలు. పాయకో పుస్తకం రాస్తే ఎంత అందంగా ఉంటుందని చాలా ఆశపడ్డాను, కానీ అంకె ముందు పెట్టుకుంటే కథని సాగదీయాల్సి వస్తుంది. రాజమండ్రిలో ఉండి మధిర సుబ్బన్న దీక్షితులు గారు కాశీ మజిలీ కథలు పన్నెండు భాగాలు రాశారు. యతి, గోపాలుడు కాశీకి నడుస్తుంటారు, ఆగిన ప్రతి మజిలీలోనూ ఓ కథ. దారి ఎంత పొడుగుంటే అన్ని కథలు పడతాయి, ఆ పద్ధతి నాకు ఇప్పటికీ అద్భుతమే. నాది మాత్రం అలా కుదరదు, ఎందుకంటే నా కథలో ఒక పుస్తకంలో పోయిన జ్ఞాపకం తరవాతి పుస్తకంలో ఎక్కడో మేటేయాలి. అందుకని నియమం ఎన్నిసార్లు మనుషుల్ని కొత్తగా ఇరుకున పెడుతుందో అన్ని పుస్తకాలు అనుకున్నాను. లెక్క ఐదుకి తేలింది.

మొదటిది ఒక్క లంక కథ. రెండోదానిలో నది పైకి వెళతాం. గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రయాణం చేసి వస్తుంది, మహారాష్ట్రలో త్రయంబకం దగ్గర పుట్టి, దక్కను నల్లరాయి అరిగిన పొడిని మోసుకుని వస్తుంది. మా చేలో మట్టి ముద్ద పిసికితే అందులో నాసిక్ వైపు కొండ కూడా ఉందన్నమాట. మరి నా లోకంలో అంత దూరం మట్టి వచ్చినప్పుడు అంత దూరం మనుషుల జ్ఞాపకాలూ రావాలి కదా. ఒక రోజు మేటగత్తె కాలికింద తనకి తెలియని భాషలో ఒక జోలపాట వినిపిస్తుంది. రెండో పుస్తకం అక్కడ మొదలవుతుంది.

మూడోది ఆనకట్ట. దీని మీద నాకు చాలా టెన్షన్ ఉంది. నది మీద అడ్డం కడితే నీటితోపాటు ఒండ్రూ కొంత ఆగిపోతుంది, ఒండ్రు తగ్గిన డెల్టాని సముద్రం కోయడం మొదలుపెడుతుంది. నా లోకంలోనైతే గోడ వెనకాల జ్ఞాపకాలు పేరుకుపోతాయి, కిందివాళ్లకి కొత్త మేటలు రావు. కట్టినవాణ్ణి దుర్మార్గుణ్ణి చేసేస్తే కథ తేలిగ్గా అయిపోతుంది. కానీ 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరకి మా వైపు ఊరూరా విగ్రహాలున్నాయి, ఆయన్ని తలుచుకుని తర్పణాలు వదిలేవాళ్లున్నారు. ఆ నీళ్లతో పండిన అన్నం తిని పెరిగిన నేను ఆ పని చేయలేను, చేస్తే అబద్ధమవుతుంది. అందుకే నా కథలో ఆనకట్ట కట్టే ఆవిడ మంచి మనిషి, ఆకలికి పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి. ఆవిడ అడిగేది ఒకటే, జ్ఞాపకం ముఖ్యమా, గిన్నెలో అన్నం ముఖ్యమా అని. నాలుగో పుస్తకం ఆ అన్నం తిన్నవాళ్ల మనవలది. సార్వా, దాళ్వా రెండు పంటలూ పండుతున్నాయి, పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద అక్విడక్టు ఉన్నట్టే వాళ్లకీ నది మీద నించి కాలవ పారుతుంది, ఎవరికీ ఏ లోటూ లేదు, తమది ఏ ఊరో మాత్రం తెలియదు.

ఐదోది సముద్రం దగ్గర, వశిష్ఠ కడలిలో కలిసే అంతర్వేది లాంటి చోట. ఉప్పు తగిలితే మట్టి మర్చిపోతుందని మొదటి పుస్తకంలోనే పడవ నడిపే ఓ ముసలి సరంగు చేత ఒక్క ముక్క అనిపించి వదిలేశాను. అయితే పులస ఉంది కదండీ. ఎర్రనీరు వచ్చే రోజుల్లో సముద్రంలోంచి ఏటికి ఎదురీదుకుంటూ వస్తుంది. ఉప్పునీళ్లలో ఉన్నంతకాలం దానికి ఆ రుచి ఉండదనీ, గోదారి నీళ్లు తాగాకే వస్తుందనీ మావాళ్లంతా అంటారు. అన్నీ కిందికే కొట్టుకుపోయే నా లోకంలో పైకి వెళ్లేది ఆ చేప ఒక్కటే. సముద్రంలో పోయినవి మళ్లీ రావాలంటే దాని వెంటే రావాలి. కానీ ధవళేశ్వరం దగ్గర పులసకి గోడ అడ్డం, నా కథలోనూ అంతే. మూడో పుస్తకంలో ఆ తల్లి కట్టిన గోడే ఐదో పుస్తకంలో దారికి అడ్డం.

ఇవన్నీ కలిసిపోకుండా ఒక పద్దు పుస్తకం పెట్టుకున్నాను, కిరాణా కొట్టులో ఉండే పొడుగాటి లెడ్జరు. ఎడమ వైపు ఎవరికి ఏ జ్ఞాపకం వచ్చింది, కుడి వైపు దానికి బదులు ఏం పోయింది. ప్రతి అధ్యాయం అయ్యాక రాసి తీరతాను, ఎంత నిద్రొచ్చినా సరే. మొన్న చూసుకుంటే మొదటి పుస్తకం ఇరవయ్యో పేజీలో ఆ పిల్ల పోగొట్టుకున్న జ్ఞాపకం ఒకటి, వాళ్లమ్మని పిలిచే పిలుపు, కుడి వైపు అలాగే ఉండిపోయింది. ఎక్కడ మేటేయాలో ఇంకా రాయలేదు. ఆనకట్ట వెనకాల ఉంచనా, సముద్రం దాకా పోనివ్వనా అన్నది నాలుగు వారాలుగా తేలడం లేదు.

మామ్మకి ఇప్పుడు ఎనభై ఏడేళ్లు. కిందటి వారం పంటు మీద అవతలి గట్టుకి తీసుకెళ్లాను. మా ఎకరన్నర ఉండేచోటికి కాస్త దిగువన ఈ మధ్యే ఒక మేట తేలింది, ఇంకా గడ్డి కూడా మొలవలేదు. చెప్పులు రేవులోనే వదిలేసి, నా భుజం పట్టుకుని, తడి ఒండ్రులో చీలమండల దాకా దిగబడుతూ నాలుగడుగులు వేసింది. వంగి కాస్త మట్టి తీసి వేళ్ల మధ్య నలిపి చూసి, "మన పాక దగ్గరదే ఇది" అంది.

ఉంటానండి. నమస్కారం.