చదవాలన్నా రాయాల్సిందే

హోస్ట్: పోయినసారి ఆగిన చోటే మొదలెడదాం మాస్టారూ. మెమరీ ఇచ్చే జవాబునే నమ్మలేమన్నారు కదా, మరి ప్రాసెస్‌లు, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌లు, సమాచారం ఎలా పంచుకుంటాయి?

అతిథి: ఒక్క కాపీని నమ్ముకోకూడదు. అయిదు సర్వర్లు పెట్టామనుకోండి. రాసేవాడు ఒక్కడే. కొత్త విలువను అయిదింటికీ పంపుతాడు, మూడు ‘అందింది’ అనగానే పని అయినట్టే. మిగతా రెండూ పడిపోయాయో, నత్తనడక నడుస్తున్నాయో తెలీదు. తెలుసుకోనక్కర్లేదు కూడా.

హోస్ట్: మూడే ఎందుకు?

అతిథి: అయిదింట్లో ఏ మూడు, ఇంకే మూడు తీసుకున్నా రెండు గుంపుల్లోనూ ఉండే సర్వర్ ఒకటైనా ఉంటుంది. చదివేవాడు మూడింటిని అడిగితే కొత్త విలువ తగిలి తీరుతుంది.

హోస్ట్: ఏది కొత్తదో గడియారం చూసి తేలుస్తామా?

అతిథి: గడియారాల జోలికే వెళ్ళొద్దు! విలువతో పాటు వరస నంబర్ వెళ్తుంది. పెద్ద నంబరే కొత్తది.

హోస్ట్: ఇంతేనా!

అతిథి: ఇక్కడే ఉంది మెలిక. రాసేవాడు 8వ నంబర్ విలువ పంపుతూ, ఒక్క సర్వర్‌కి అందగానే కుప్పకూలాడు. మీరడిగిన మూడింట్లో ఆ సర్వర్ ఉంది, మీకు 8 వచ్చింది. మీ తర్వాత నేను అది లేని మూడింటిని అడిగాను, 7 వచ్చింది. ముందు చదివిన మీకు కొత్తది, తర్వాత చదివిన నాకు పాతది!

హోస్ట్: కాలం వెనక్కి నడిచినట్టు.

అతిథి: అందుకే 8 కనబడగానే తీసుకెళ్ళిపోకూడదు. దాన్ని మళ్ళీ అన్నిటికీ పంపి, మూడింట్లో చేరిందని తెలిశాకే మీ ప్రోగ్రామ్‌కి ఇవ్వాలి. చదవాలన్నా రాయాలి. అత్తియా, బార్-నోయ్, డోలెవ్ అనే పరిశోధకులు 1990లో చెప్పారిది. పేర్ల మొదటి అక్షరాలతో ఏబీడీ అంటాం. 2011లో, ఇలా చాలా కంప్యూటర్లు కలిసి పనిచేసే రంగంలో ఇచ్చే డైక్‌స్ట్రా ప్రైజ్ కూడా వచ్చింది.

హోస్ట్: మేమొకసారి వేగం కోసం ఆ తిరిగి రాసే రెండో అడుగు పీకేశాం...

అతిథి: పీకేసి?

హోస్ట్: పేజీ రిఫ్రెష్ కొడితే చేసిన మార్పు మాయం. ఇంకోసారి కొడితే ప్రత్యక్షం. టెస్టుల్లో ఒక్కసారీ దొరకలేదు.

అతిథి: దొరకదు. టెస్టుల్లో ఎవరూ సరిగ్గా ఆ క్షణంలోనే చావరుగా.

హోస్ట్: (నవ్వు) సరే, సర్వర్లన్నీ ఒప్పుకుని తమలో ఒకదాన్ని లీడర్‌గా ఇదే పద్ధతితో ఎన్నుకోవచ్చా?

అతిథి: కుదరదు. మెసేజ్ ఆలస్యానికి హద్దు లేనప్పుడు, ఒక్క ప్రాసెస్ పడిపోయే వీలున్నా సరే, పాచికలు వేయకుండా, అంటే అదృష్టానికి వదలకుండా, అందరినీ ఒక నిర్ణయానికి ఖాయంగా తెచ్చే పద్ధతి లేదని 1985లోనే ఫిషర్, లించ్, పాటర్సన్ నిరూపించారు. ఏబీడీ ఎవరినీ ఒప్పించదు. ఉన్న విలువను మోసుకుపోతుందంతే, అందుకే బతికిపోయింది.

హోస్ట్: అయితే లీడర్ గొడవ వచ్చే ఎపిసోడ్‌కి.