ఓపీ చీటీ నుంచి డాక్టరు గదిదాకా

అందరికీ నమస్కారం. డిగ్రీ చదివే పిల్లలున్నారు, పోర్టులోనూ స్టీల్‌ప్లాంట్‌లోనూ చేసి రిటైరైన పెద్దలున్నారు, ఎవర్ని ఎలా పిలవాలో తేలక అందర్నీ మీరే అంటాను, పిల్లలు ఏమీ అనుకోకండి.

ఆసుపత్రిలో వాలంటీర్లుగా చేస్తామని పేర్లిచ్చారు. మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పే సీను ఏదైనా మనసులో పెట్టుకుని వచ్చుంటే ఇప్పుడే చెప్పేస్తాను, మొదట్లో మీ పనంతా గుమ్మం దగ్గరే. చీటీ చదివి చెప్పడం, తోవ చూపించడం, వీల్‌చైర్ తొయ్యడం, ముసలాయన బాత్రూమ్‌కి వెళ్ళొచ్చేదాకా లైన్లో ఆయన చోటు పోకుండా చూడటం. ఇంట్లో చెప్పుకోవడానికి గొప్పగా ఉండదు. కానీ బయటివాళ్ళు ఆసుపత్రికి చేయగలిగిన అసలు సాయం ఇదేనని నా నమ్మకం, ఎందుకో చెప్తాను.

మన విశాఖ కేజీహెచ్‌నే, అదే కింగ్ జార్జ్ ఆసుపత్రినే తీసుకోండి. 1923లో మొదలైంది, ఆంధ్రా మెడికల్ కాలేజీ కూడా ఆ ఏడాదే. అక్కడికి శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు ఏజెన్సీ నుంచే కాదు, ఒడిశాలోని కోరాపుట్, మల్కన్‌గిరి, రాయగడ నుంచి, ఛత్తీస్‌గఢ్ నుంచి కూడా వస్తారు. కిరండూల్ ప్యాసింజర్‌లోనో బస్సులోనో ముందురోజే దిగి, ఎక్కడో నడుం వాల్చి, తెల్లారగానే ఓపీ లైన్లో నిలబడతారు. పెద్ద ఆసుపత్రి ఏదైనా తర్వాత కథ ఒకటే. డాక్టరుగారు రక్తపరీక్ష, ఎక్స్‌రే రాస్తారు. రక్తం ఇచ్చేది ఒక చోట, ఎక్స్‌రే ఇంకో చోట, రిపోర్టు ఇచ్చే కిటికీ మరో చోట, అన్నీ పట్టుకుని ఓపీ మూసేలోపు మళ్ళీ డాక్టరుగారి దగ్గరికి చేరాలి. తప్పు లైన్లో గంట నిలబడితే ఆ రోజు పోయినట్టే. ఊళ్ళో ఉండేవాళ్ళం మనం రేపొద్దాంలే అనుకుంటాం. అరకు అవతలి నుంచి వచ్చినాయనకి రేపు అంటే ఇంకో రాత్రి వరండాలో పడక, ఇద్దరి తిండి ఖర్చు, రెండు కూలీలు పోవడం. కొందరు ఆ రేపటిదాకా ఆగరు, రిపోర్టు తీసుకోకుండానే బస్సెక్కేస్తారు. అందుకే అంటున్నాను, గుమ్మం దగ్గర నిలబడి మనం మిగిల్చేది వాళ్ళకి ఆ ఒక్క పూట.

కాబట్టి మనిషి కనబడగానే అడగాల్సిన మొదటి మాట ‘ఏం జబ్బు’ అని కాదు, అది మనకెందుకు? ఆధార్, రేషన్ కార్డు తెచ్చారా అని అడగండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, జనం నోట్లో మాత్రం ఇంకా ఆరోగ్యశ్రీయే. దాని డెస్కు దగ్గర ఆరోగ్యమిత్ర ఉంటారు, కాగితాల పని వాళ్ళది. కార్డు ఇంట్లో మర్చిపోయారని అక్కడికి వెళ్ళాక తెలిస్తే సగం రోజు పోతుంది, అదే గుమ్మం దగ్గరే తెలిస్తే ఊరికి ఫోన్ చేసి ఫొటో తీసి పంపమనొచ్చు, కనీసం పని ఎక్కడిదాకా అవుతుందో కనుక్కోవచ్చు.

ఇక భాష. ఏజెన్సీ నుంచి వచ్చేవాళ్ళలో ఇంట్లో ఆదివాసీ ఒడియానో కువినో మాట్లాడేవాళ్ళున్నారు. మనం గబగబా చెప్తే అన్నిటికీ తలూపుతారు, అర్థమై కాదు, మర్యాదకి. ‘అర్థమైందా తాతా’ అని అడక్కండి, ‘రేపు పొద్దున్న ఏం చేస్తావు తాతా, నాకోసారి చెప్పు’ అనండి, అప్పుడు బయటపడుతుంది. ఆపరేషన్ రోజు ‘పరగడుపున రావాలి’ అంటే అన్నం మానేసి టీ, బిస్కెట్టు తినొచ్చేవాళ్ళు ఎంతమందో. మత్తు ఇచ్చినప్పుడు కడుపులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికొస్తుంది, అందుకని ఆ రోజు ఆపరేషన్ వాయిదా వేస్తారు. ఆ తిట్లు, ఆ ఏడుపు, అదంతా ఒక టీ వల్ల. మీలో ఒడియా వచ్చినవాళ్ళుంటే చెయ్యెత్తండి... ఇద్దరేనా? మీరిద్దరూ తర్వాత నన్ను కలవకుండా వెళ్ళొద్దు.

తిండి సంగతి కాస్త గట్టిగానే చెప్తాను. నాయకుల పుట్టినరోజులకి వార్డుల్లో రొట్టెలు, పళ్ళు పంచడం మనకి అలవాటు. పంచేవాళ్ళ మనసు మంచిదే, ఫొటో యావ సంగతి వదిలేద్దాం. ఇప్పుడు ఉద్దానం నుంచి వచ్చిన కిడ్నీ పేషెంటుని తలుచుకోండి. కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, 2023లో పలాసలో ప్రత్యేకంగా ఆసుపత్రి పెట్టాల్సి వచ్చింది. కిడ్నీ పనిచేయని మనిషికి ఒంట్లో పొటాషియం బయటికి పోదు, అది పెరిగితే గుండె లయ తప్పుతుంది, ఆగిపోవచ్చు కూడా. అరటిపండులో, కొబ్బరినీళ్ళలో ఉండేది ఆ పొటాషియమే. కొబ్బరితోటల మధ్య పుట్టిన మనిషికి కొబ్బరినీళ్ళు విషమైపోవడం ఎంత ఘోరమో చూడండి, కానీ నిజం అదే. పక్షవాతం వచ్చి మింగలేని మనిషి నోట్లో చెంచాడు నీళ్ళు పోసినా ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకని సిస్టర్‌గారిని అడక్కుండా ఎవరికీ ఏదీ పెట్టొద్దు, దాహం దాహం అని బతిమాలినా సరే. కఠినంగా అనిపిస్తుంది, అలవాటు చేసుకోండి.

రక్తదానం కూడా ఈ పుట్టినరోజులతోనే ముడిపడి ఉంది. ఒక్కరోజే వందలమంది ఇచ్చేస్తారు, ఆ రక్తంలోంచి తీసిన ప్లేట్‌లెట్లు 5 రోజులకి మించి నిల్వ ఉండవు, ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులు. కాలేజీలకి వేసవి సెలవులివ్వగానే ఇచ్చేవాళ్ళు తగ్గిపోతారు, ఒంట్లో రక్తం సరిగ్గా తయారవని తలసీమియా పిల్లలకి మాత్రం రెండు మూడు వారాలకోసారి ఎక్కించాల్సిందే, వాళ్ళకి సెలవుల్లేవు. అందుకే మన గ్రూపులో 18 నిండి, 45 కేజీలు దాటి, హిమోగ్లోబిన్ 12.5 ఉన్నవాళ్ళ పేర్లు నెలలవారీగా పంచి రాస్తాం. మగవాళ్ళు మూడు నెలలకి, ఆడవాళ్ళు నాలుగు నెలలకి మళ్ళీ ఇవ్వొచ్చు. గేటు బయట ఎవరైనా డబ్బుకి రక్తం ఇప్పిస్తానంటే అది నేరం, డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం 1998 నుంచి మన దేశంలో నిషేధం. గొడవ పడకండి, బ్లడ్ బ్యాంకులో చెప్పండి.

వీల్‌చైర్ గురించి. కేజీహెచ్ లాగా కొండవాలున కట్టిన చోట ఇది చిన్న విషయం కాదు. ఎక్కించే ముందు బ్రేకు వెయ్యాలి, కాళ్ళు ఫుట్‌రెస్టు మీద ఉన్నాయో చూడాలి, చీర కొంగు చక్రంలో పడకుండా సర్దాలి. వాలు బాగా ఎక్కువున్న చోట దిగేటప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి మీరు కింది వైపు ఉండి మెల్లగా దిగండి, లేకపోతే పేషెంటు ముందుకి జారిపోతారు. యాక్సిడెంట్ కేసుని మాత్రం మీరు ఎత్తొద్దు, మెడ, వెన్ను దెబ్బతినుంటే ఎత్తడంతోనే కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సూదులు ముట్టుకోకండి, కింద పడున్నా సరే, అవి వెయ్యడానికి తెల్ల డబ్బా వేరే ఉంటుంది, సిబ్బంది వేస్తారు. ఫొటోలు, రీల్స్ వద్దు. రిపోర్టు చదివి ‘అమ్మో ఇది క్యాన్సరే’ అనకండి, ‘ఏమీ కాదులే’ అని కూడా అనకండి, రెండూ డాక్టరు చెప్పాల్సిన మాటలే. ఫలానా ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళండి, ఫలానా ల్యాబ్ బాగుంటుంది అన్న మాట మీ నోట వచ్చిందంటే ఆ రోజే మీ వాలంటీరు కార్డు వెనక్కి తీసుకుంటాం.

ఇంకోటి, దీని మీద మా గ్రూపులోనే వాదనలున్నాయి. ఒక ఆసుపత్రిలో మమ్మల్ని రాత్రి స్ట్రెచర్లు తొయ్యమన్నారు, మనుషులు చాలట్లేదని. మేము ఒప్పుకోలేదు. కొంతమందికి కోపం వచ్చింది, సేవ అని చెప్పి ఇదేంటని. నా మాట ఏమిటంటే, జీతమిచ్చి పెట్టుకోవాల్సిన మనిషి పని మనం ఉచితంగా చేసేస్తే ఆ పోస్టు ఖాళీగా ఉందన్న సంగతే పైవాళ్ళకి గుర్తుండదు, రేపు మనం మానేస్తే నష్టపోయేది పేషెంటే. పైగా శిక్షణ లేని చేతులు. వార్డుబాయ్ పక్కన ఉండి సాయం పడదాం, ఆయన చోటులో మనం దూరొద్దు.

ఇక పనిలోకి వద్దాం. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, మొదటిది వేశాక నెలకి ఒకటి, ఆరు నెలలకి ఒకటి. మొదటిది వేయించుకుని కాగితం చూపిస్తేనే కార్డు ఇస్తాం. వారానికి ఒక పూట చాలు, కానీ ఆ పూట కచ్చితంగా రావాలి, పరీక్షలున్న పిల్లలు ముందే చెప్పి మానేయండి. సోమవారం పొద్దున్న ఓపీకి ఎప్పుడూ మనుషులు చాలరు, ముందు ఆ కాగితం మీద పేర్లు నింపండి, ఆదివారాల కాగితం తర్వాత తిప్పుతాను.