బాగున్న రోజున ఇన్‌హేలర్ ఎందుకు పీల్చాలి?

సభకు నమస్కారం.

ముందు వరుసల్లో ఉబ్బసంతోనో, ఊపిరితిత్తులు క్రమంగా దెబ్బతిని ఊపిరి అందని సీఓపీడీ అనే జబ్బుతోనో ఏళ్ల తరబడి వేగుతున్నవారు కూర్చున్నారు. పక్కనే వారి ఇంటివారు. వెనుక నర్సులు, ఫార్మసిస్టులు, వైద్య విద్యార్థులు. ఇన్‌హేలర్ మాట ఎత్తగానే మొదటివారు తల దించుకుంటారు, మిగిలినవారు వారివైపు చూస్తారు. ‘ఎంత చెప్పినా వినరు’ అన్న ఫిర్యాదు ఆ చూపులో ఉంటుంది. నాకు ఆ ఫిర్యాదు మీద నమ్మకం లేదు. మందు మానేసినవారిలో చాలామంది విన్నారు, ఆలోచించారు, తమ లెక్క తాము వేసుకున్నారు, ఆ తర్వాతే మానేశారు. ఆ లెక్క ఏమిటో తెలుసుకోకుండా ఎంత మందలించినా గాలికి పోయే మాటే.

దీర్ఘకాలిక జబ్బులకు చెప్పిన మందును చెప్పినట్టు వాడటం సంపన్న దేశాల్లో సైతం సగటున 50 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో నివేదిక ఇచ్చింది. అంటే ఈ సమస్య ఉబ్బసం వాళ్లకే ప్రత్యేకం కాదు. కాకపోతే మాత్ర మింగడం ఎవరికీ నేర్పక్కర్లేదు, ఇన్‌హేలర్ పీల్చడం నేర్చుకోవాలి. పైగా అది నలుగురి కంటా పడుతుంది.

ఎందుకు మానేశారని అడిగితే ముందుగా వచ్చే జవాబు ‘మరిచిపోయాను’. ఆ మాటను నేను సగమే నమ్ముతాను. ఎందుకంటే అదే మనిషి ఆయాసం వచ్చినప్పుడు పీల్చే ఇన్‌హేలర్‌ను ఎక్కడా మరిచిపోడు. జేబులో ఒకటి, తలగడ పక్కన ఒకటి, ప్రయాణాల సంచిలో ఇంకొకటి ఉంటాయి. అది లేకుండా గడప దాటడు. పొద్దున, సాయంత్రం పీల్చమని ఇచ్చిన రెండోది మాత్రం మందుల పెట్టెలో అడుగున ఉంటుంది.

ఈ రెండింటికీ తేడా ఎక్కడుందో చూడండి. సాల్బుటమాల్ వంటి తక్షణ ఉపశమన మందు శ్వాసనాళాల చుట్టూ బిగుసుకున్న కండరాన్ని నిమిషాల్లో వదులు చేస్తుంది. ఛాతీ తేలికవుతుంది, పిల్లికూతలు తగ్గుతాయి, చేతులు కాస్త వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. మందు పనిచేసిందని ఒళ్లంతా సాక్ష్యం చెబుతుంది. నాలుగైదు గంటలకు ఆ ప్రభావం తగ్గిపోతుంది. లోపలి వాపు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆ వాపును తగ్గించేది పీల్చే స్టెరాయిడ్. దానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. పీల్చినప్పుడు ఏమీ తెలియదు. మానేసినప్పుడు కూడా ఏమీ తెలియదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది. మానేసిన మర్నాడు బాగానే ఉంటుంది. వారం గడిచినా బాగానే ఉంటుంది. మనిషి తన ఒంటి మీద తానే ఒక పరీక్ష చేసుకున్నాడు, ‘ఈ మందు అక్కర్లేదు’ అని ఫలితం వచ్చింది. నెల దాటాక జలుబు పట్టి, అర్ధరాత్రి ఊపిరాడక ఆస్పత్రికి పరుగెత్తితే నింద జలుబు మీదికి పోతుంది. మానేసిన మందు ఎవరికీ గుర్తుకు రాదు. తెలివైనవారు కూడా ఇలాగే ఆలోచిస్తారు, నిజానికి తెలివైనవారే ఎక్కువగా ఇలా ఆలోచిస్తారు.

ఈ ఆలోచనకు మూల్యం ఎంతో బ్రిటన్‌లో లెక్కగట్టారు. ఉబ్బసంతో మరణించిన 195 మంది వివరాలను పరిశీలించి 2014లో ఒక నివేదిక ప్రచురించారు. తక్షణ ఉపశమన మందు వాడుతున్నవారిలో 39 శాతం మందికి చివరి ఏడాదిలో 12 కంటే ఎక్కువ ఇన్‌హేలర్లు రాసి ఇచ్చారని అందులో తేలింది. నెలకొకటి చొప్పున ఖాళీ అవుతోందంటే లోపల వాపు ముదురుతోందని అర్థం. వారు మందు వాడనివారు కారు, తెగ వాడినవారు. తెలిసేలా పనిచేసే మందునే వాడారు.

అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు రూపొందించే జినా సంస్థ 2019లో తెచ్చిన మార్పు నాకు ఇందుకే నచ్చింది. పెద్దలకు, కౌమార వయసువారికి తక్షణ ఉపశమన మందును ఒంటరిగా ఇవ్వవద్దని చెప్పింది. దాని బదులు త్వరగా పనిచేసే ఫార్మొటెరాల్‌ను, స్టెరాయిడ్‌ను కలిపి ఒకే ఇన్‌హేలర్‌లో ఇవ్వవచ్చంది. ఆయాసం వచ్చి పీల్చిన ప్రతిసారీ వాపు తగ్గించే మందు కూడా కొంత లోపలికి వెళుతుంది. మనిషి స్వభావాన్ని మార్చే పని పెట్టుకోకుండా, ఉన్న స్వభావానికి మందును సర్దారు. మీ ఇన్‌హేలర్ ఆ రకానిదో కాదో మీ డాక్టరును అడగండి, ఉన్నదాన్ని మీరే మార్చేసుకోకండి.

సీఓపీడీలో కథ తిరగబడుతుంది. ఉబ్బసం ఉన్నవారు బాగుందని మానేస్తే, సీఓపీడీ ఉన్నవారు బాగవడం లేదని మానేస్తారు. రెండు పూటలా పీల్చినా మెట్లెక్కితే ఆయాసం వస్తూనే ఉంది, ఇక పీల్చి ఏం లాభం అన్నది వారి ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. దెబ్బతిన్న ఊపిరితిత్తిని ఏ ఇన్‌హేలరూ పాత స్థితికి తేలేదు. కొంత ఊపిరి వెసులుబాటు ఇస్తుంది, జబ్బు ఉన్నట్టుండి విషమించడాన్ని తగ్గిస్తుంది. రాని విషమ స్థితి ఎవరికీ కనిపించదు కదా. ఈ మాట మొదటి రోజే సూటిగా చెప్పాలి. తగ్గిపోతుందని ఆశపెట్టి పంపితే, రెండు నెలలకు మందుతో పాటు డాక్టరు మీద నమ్మకం కూడా పోతుంది. 2021లో ప్రపంచంలో 35 లక్షల మందిని పొట్టనపెట్టుకున్న జబ్బు ఇది.

టార్చ్ అనే పెద్ద పరీక్షలో 6,000 మందికి పైగా సీఓపీడీ రోగులను మూడేళ్లు గమనించారు. మందు సక్రమంగా వాడినవారిలో 11.3 శాతం మంది, వాడనివారిలో 26.4 శాతం మంది చనిపోయారని 2009లో ఒక విశ్లేషణ వచ్చింది. ఈ అంకెలను గోడమీద రాసి రోగులను భయపెట్టాలని చాలామందికి అనిపిస్తుంది. ఆగండి. అదే పరీక్షలో పోలిక కోసం అసలు మందు లేని ఉత్తుత్తి ఇన్‌హేలర్ ఇచ్చినవారిలో కూడా సక్రమంగా పీల్చినవారే ఎక్కువగా బతికారు. దీనికి ఇన్‌హేలర్‌లోని మందు ఒక్కటే కారణమైతే ఇలా జరగదు. రోజూ తప్పకుండా పీల్చగలిగే మనిషి వెనుక ఇంకా చాలా ఉంటాయి. నిరాశలో కూరుకుపోని మనసు, పలకరించే తోడు, వేళకు తిండి, నిద్ర. సీఓపీడీతో పాటు కుంగుబాటు కూడా చాలామందిలో ఉంటుంది. లేవబుద్ధి కాని మనిషికి ఇన్‌హేలర్ గురించి పాఠం చెప్పి లాభం లేదు, ముందు ఆ కుంగుబాటుకు వైద్యం చేయాలి. పొగతాగి జబ్బు తెచ్చుకున్నానని తనను తాను నిందించుకునే మనిషి సంగతీ అంతే. తనకు వైద్యం పొందే అర్హత లేదని లోలోపల శిక్ష వేసుకుని ఉంటాడు.

మందు కొనే స్తోమత లేక రోజు విడిచి రోజు పీల్చేవారు కూడా ఉన్నారు. వారికి ప్రసంగాలు అక్కర్లేదు, మందు అందాలి.

ఇక భయాలు. ఇన్‌హేలర్ మొదలుపెడితే జీవితాంతం వదలదని, స్టెరాయిడ్ ఒళ్లు గుల్ల చేస్తుందని, ఇది ఆఖరి దశలో ఇచ్చే మందని. వీటిని అపోహలని కొట్టిపారేస్తే ఎదుటివారు తల ఊపి వెళ్లిపోతారు, మందు మాత్రం ముట్టరు. లెక్క చూపించండి. సాల్బుటమాల్ మాత్రలో 2 లేదా 4 మిల్లీగ్రాములుంటే, ఇన్‌హేలర్ ఒకసారి నొక్కితే వచ్చేది సాధారణంగా 100 మైక్రోగ్రాములు. అంటే మాత్రలో ఇరవయ్యో వంతో నలభయ్యో వంతో. కావలసిన చోటికే నేరుగా వెళుతుంది కనుక అంత కొంచెం సరిపోతుంది. స్టెరాయిడ్‌కు దుష్ఫలితాలు లేవని మాత్రం చెప్పకండి. నోట్లో తెల్లపూత రావచ్చు, గొంతు బొంగురుపోవచ్చు, సీఓపీడీ రోగుల్లో న్యుమోనియా ముప్పు కొంత పెరుగుతుంది. ఏమీ కాదని చెప్పి పంపిన మనిషికి పదిహేను రోజుల్లో నాలుక తెల్లబడితే, మీరు చెప్పిన మిగతా మాటలు కూడా అబద్ధాల లెక్కలోకి పోతాయి. పీల్చిన తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేస్తే ఆ పూత బెడద చాలావరకు తగ్గుతుందని ముందే చెబితే, అదే మనిషి మీ మాట నమ్ముతాడు.

రోజూ పీలుస్తున్నా మందు లోపలికి వెళ్లనివారి సంగతి వేరు. ఒకాయనను తన పద్ధతి చూపించమన్నాను. మూత తీశారు, డబ్బా ఊపారు, నోట్లో పెట్టుకుని నొక్కారు, నొక్కాక పీల్చారు. పెదవుల సందుల్లోంచి తెల్లటి తుంపర పొగలా బయటికి వచ్చేసింది. కొన్నేళ్లుగా అలాగే పీలుస్తున్నారు, ఒక్క పూట తప్పలేదు. మరొకావిడ పొడి మందు పరికరాన్ని నోటికి ఆనించుకుని ముందు దానిలోకి ఊదారు. ఊపిరిలోని తడికి పొడి ముద్దకట్టింది. ఈ ఇద్దరినీ మందు వాడనివారని అనగలమా?

తుంపర వచ్చే ఇన్‌హేలర్‌ను ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూ నొక్కి, అలాగే నిదానంగా పీల్చి, పది సెకన్లు బిగబట్టాలి. పొడి మందునైతే ఒక్క ఊపున బలంగా లాగాలి. రెండింటికీ పద్ధతులు పూర్తిగా వ్యతిరేకం. ఒకే మనిషికి పొద్దున ఒక రకం, ఆయాసానికి ఇంకో రకం రాసి ఇస్తాం, తర్వాత తికమక పడ్డాడని అతడినే తప్పుపడతాం. దాదాపు 40 ఏళ్ల అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2016లో వెలువడింది. సరిగ్గా పీల్చేవారు 31 శాతమే, ఇన్నేళ్లలో ఆ పరిస్థితి మెరుగుపడలేదు. ఐర్లండ్‌లో సీఓపీడీ రోగుల ఇన్‌హేలర్‌కు శబ్దాన్ని నమోదు చేసే చిన్న పరికరం బిగించి చూశారు. డోసుల కౌంటర్ ప్రకారం సగానికి పైగా డోసులు వాడినట్టే ఉంది. వేళ తప్పినవి, పద్ధతి తప్పినవి తీసివేస్తే మిగిలింది నాలుగో వంతు కూడా లేదు.

తమాషా ఏమిటంటే ఈ పరికరం పుట్టిందే వాడేవారి విసుగులోంచి. 1955లో అమెరికాలోని ఒక మందుల కంపెనీ అధిపతి కూతురికి ఉబ్బసం. చేత్తో పిండే గాజు పరికరంతో వేసారిపోయి, జుట్టుకు కొట్టే స్ప్రేలా నా మందు ఎందుకు రాదని తండ్రిని అడిగింది. మరుసటి ఏడాదికల్లా నొక్కితే కొలత ప్రకారం మందు వచ్చే మొదటి ఇన్‌హేలర్ మార్కెట్లోకి వచ్చింది. ఆ తర్వాత కనిపెట్టిన డజన్ల కొద్దీ రకాల విషయంలో ఆ అమ్మాయిని అడిగినట్టు లేరు.

అబద్ధాల గురించి కూడా మాట్లాడుకుందాం. ఊపిరితిత్తుల ఆరోగ్యంపై అమెరికాలో జరిగిన ఒక పరీక్షలో, నొక్కిన సమయాన్ని నమోదు చేసే ఇన్‌హేలర్లు ఇచ్చారు. ఆ సంగతి రోగులకు చెప్పలేదు. మూడు గంటల వ్యవధిలో 100 సార్లకు పైగా నొక్కినవారు కనిపించారు, అదీ డాక్టరును కలవడానికి కాస్త ముందు. పీల్చడానికి కాదు, డబ్బా ఖాళీ చేసి చూపించడానికి. తనను ఇంత భయపెట్టిన డాక్టరు దగ్గర ఏ మనిషి నిజం చెబుతాడు? ‘రోజూ పీలుస్తున్నారా?’ అంటే ‘ఆ, పీలుస్తున్నానండీ’ అనే వస్తుంది. ‘అందరికీ కొన్ని పూటలు తప్పుతుంటాయి, పోయిన వారం మీకు ఎన్ని తప్పాయి?’ అని అడిగి చూడండి. కాసేపు ఆలోచించి, ‘మూడో నాలుగో... అసలు ఆదివారం నుంచి తీయనేలేదు డాక్టరు గారూ’ అంటారు. అప్పుడు మొదలవుతుంది అసలు సంభాషణ. ఇంటివారు కూడా ‘మళ్లీ మానేశావా’ అనడం మానేసి ఇలా అడగవచ్చు.

మరుపు నిజంగానే ఉన్నవారికి ఒక ఉపాయం. రోజువారీ ఇన్‌హేలర్‌ను పళ్లు తోముకునే బ్రష్షు పక్కన పెట్టండి. పీల్చి, ఆ తర్వాత తోముకోండి. పూట గుర్తుంటుంది, నోరు పుక్కిలించడమూ అయిపోతుంది. నొక్కడం, పీల్చడం ఒకేసారి కుదరకపోతే, ఇన్‌హేలర్‌కు తగిలించుకునే గొట్టం లాంటి స్పేసర్ అడగండి. డబ్బాను నీళ్లలో వేసి తేలిందా మునిగిందా అని చూడకండి, దానితో మందు ఎంత మిగిలిందో తెలియదు. ఉంటే కౌంటర్ చూసుకోండి, లేకపోతే మొదలుపెట్టిన తేదీ దాని మీదే రాసుకోండి.

ఆ బల్ల మీద మందు లేని నమూనా ఇన్‌హేలర్లు పెట్టించాను, నోట్లో పెట్టుకునే కొత్త మూతి ఒక్కొక్కరికీ ఒకటి ఉంది. మీ సొంతవి తెచ్చుకున్నవారు వాటిని కూడా తీసుకురండి. ఒక్కొక్కరే వచ్చి, ఇంట్లో ఎలా పీలుస్తారో అచ్చం అలాగే చూపించండి. విద్యార్థులు పక్కన నిలబడి చూడండి, వారు పూర్తిచేసే దాకా మాత్రం నోరు మెదపకండి. మోకాళ్ల నొప్పులున్నవారు ముందు రండి.