కారుకి తగిలితే ఔట్
(మా కాలనీ సంక్రాంతి ముగ్గుల పోటీ బహుమతుల సభలో మాట్లాడిన మాటలు)

అందరికీ నమస్కారం. అసోసియేషన్ ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ గారికి, తెల్లారకముందే లేచి ముగ్గులేసిన అమ్మలందరికీ, రంగులు అందించిన పిల్లలకి సంక్రాంతి శుభాకాంక్షలు. సెల్లార్ ఖాళీ చేసి ఇచ్చిన ఈ అపార్ట్‌మెంట్ వాళ్ళకి ప్రత్యేకంగా థ్యాంక్స్. బహుమతులిచ్చి రెండు మాటలు చెప్పండి సార్, ఐదు నిమిషాలు చాలు అన్నారు. కొంచెం ఎక్కువైతే ఓర్చుకోండి, ఈ మాట చాలా ఏళ్ళుగా నా కడుపులో ఉంది.

ముందు ముగ్గుల సంగతే చెప్తా. పొద్దున జడ్జీలతో పాటు నేనూ తిరిగాను. ఒకమ్మ సందుచుక్క ముగ్గు మొదలుపెట్టింది, 21 నుంచి 11 దాకా. చుక్కలు పెట్టుకుంటూ పోతుంటే ఒకవైపు పిల్లర్ అడ్డొచ్చింది, ఇంకోవైపు ఎవరిదో బైకు, తాళం వేసుంది, ఓనరు ఊరెళ్ళాడట. ఆ తల్లి ఏమీ అనలేదు, తడిబట్టతో మొత్తం తుడిచేసి మళ్ళీ 11 నుంచి 6 దాకా కుదించి వేసుకుంది. నేను అక్కడే నిలబడి చూశాను. కళ్ళాపి చల్లిన వాకిట్లో పడాల్సిన ముగ్గు అది, ఇక్కడ పార్కింగ్ నంబర్ల మధ్య ఇరుక్కుని పడింది. ఈ పోటీ ఇక్కడెందుకు పెట్టాం? మన కాలనీలో ఇరవై మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని ముగ్గు వేసుకునే జాగా ఇంకెక్కడా లేదు కాబట్టి.

ఇంకో మాట. పోయిన నెల సాయంత్రం పూట ఈ సెల్లార్‌లోనే పిల్లలు క్రికెట్ ఆడుతుంటే చూశాను. మీలో చాలామందికి వాళ్ళ రూల్స్ తెలిసుండవు. బంతి కారుకి తగిలితే ఔట్. పైన పైపుకి తగిలితే ఔట్. లిఫ్ట్ దాకా పోతే ఔట్. ఒక బాబు, ఎనిమిది తొమ్మిదేళ్ళు ఉంటాయేమో, మంచి బంతి పడింది, బ్యాట్ పైకెత్తి మళ్ళీ మెల్లగా దించేసి కాళ్ళ దగ్గర ఆపాడు. ఏం నాన్నా, ఎందుకు కొట్టలేదు అన్నాను. "కొడితే ఔట్ అవుతాను తాతా" అన్నాడు. ముప్పై ఒక్కేళ్ళు గవర్నమెంట్ స్కూల్లో పీఈటీగా, అంటే ఆటల మాస్టారుగా చేశాను నేను, పిల్లలకి బంతి కొట్టడం నేర్పించాను, పరిగెత్తడం నేర్పించాను. ఈ పిల్లాడేమో బ్యాట్ పట్టుకుని కొట్టకుండా ఉండటం నేర్చుకుంటున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన హైదరాబాద్‌కి ఫుట్‌బాల్‌లో ఎంత పేరుండేదో ఇక్కడున్న పిల్లలకి తెలీదు, అందుకే చెప్తున్నా. సయ్యద్ అబ్దుల్ రహీం అని, రహీం సాబ్ అంటారు, ఆయన కూడా మొదట స్కూల్ మాస్టారే. ఆయన తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. ఆయనే కోచ్‌గా మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ తెచ్చింది. మన సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ పిల్లాడు తులసీదాస్ బలరాం 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు! అప్పట్లో వాళ్ళకి స్టేడియాలు, అకాడమీలు ఉన్నాయా? బస్తీ పక్కన మైదానాలు ఉండేవి, అంతే. బడి అయ్యాక పుస్తకాలు పక్కన పడేసి ఆడుకోవడానికి ఇంత మట్టి ఉండేది. ఇప్పుడు గంటకి ఇంతని కడితేనే టర్ఫ్ మీదకి రానిస్తున్నారు. డబ్బు కట్టలేని ఇంటి పిల్లాడు ఏం చెయ్యాలి, చెప్పండి?

సరే, అసలు విషయానికి వస్తా. నేను 1998లో ఇక్కడ రెండొందల గజాలు కొన్నాను. అప్పుడు ఇది గ్రామ పంచాయతీ, చుట్టూ జొన్నచేలు. ఇదిగో ఈ కాగితం చూడండి, ఆనాడు ఇచ్చిన లేఅవుట్ కాపీ, మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించుకుంటూ దాచాను. ఇక్కడ ఆకుపచ్చ స్కెచ్ పెన్‌తో గీసిన ముక్క ఉంది చూశారా, పార్కు అని రాసుంది. ఆ పచ్చ ముక్క చూసే మా ఆవిడ ఇక్కడ కొందామంది. పదేళ్ళు అక్కడే పొద్దున్నే పిల్లలకి కబడ్డీ నేర్పాను, సున్నంతో కోర్టు గీసేవాణ్ణి, వాళ్ళలో ఇద్దరు జిల్లా టీమ్‌కి ఆడారు. ఒకరోజు వెళ్ళేసరికి సున్నం గీతల మీద కడీలు పాతి ఉన్నాయి. ఇప్పుడు మెడికల్ షాపు నుంచి కర్రీ పాయింట్ దాకా ఉన్న వరస ఉంది కదా, అదే మన పార్కు. అక్కడ కొనుక్కుని కట్టుకున్న వాళ్ళని నేను ఒక్క మాట అనను, వాళ్ళూ అప్పు చేసి కొనుక్కున్నవాళ్ళే.

ఆఫీసు చుట్టూ తిరిగితే ఒకాయన చెప్పాడు, మాస్టారూ, పార్కు మ్యాప్‌లో ఉంటే చాలదు, గిఫ్ట్ డీడ్ అవ్వాలి అని. లేఅవుట్ చేసినవాడు రోడ్లు, పార్కు జాగా పంచాయతీ పేరు మీద రిజిస్టర్ చేసి ఇచ్చెయ్యాలి. మనదాంట్లో అది చెయ్యలేదు. పాస్‌బుక్‌లో భూమి పాత పట్టాదారు పేరు మీదే ఉండిపోయింది, వాళ్ళ పిల్లలు సర్వే నంబరుకి బై నంబర్లు వేసి ముక్కలుగా అమ్ముకున్నారు. రూల్ ప్రకారం లేఅవుట్‌లో పది శాతం ఖాళీ జాగా వదలాలి. మనకి గజం మిగల్లేదు.

ఇప్పుడు వినండి, ఇది అందరూ వినాలి. ఎల్ఆర్ఎస్ వచ్చింది కదా, అనుమతి లేని లేఅవుట్లని డబ్బు కట్టించుకుని క్రమబద్ధం చేసే స్కీము, మనందరం కట్టాం. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ జాగా లేకపోతే ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ ఛార్జీ అని అదనంగా కట్టించుకున్నారు. అంటే పార్కు అమ్ముకున్నది వాళ్ళు, పార్కు లేదని డబ్బు కట్టింది మనం! నా దగ్గర రసీదుంది, మీ దగ్గరా ఉంటుంది. ఆ డబ్బుతో మన పిల్లలకి ఒక్క గజం మట్టి వచ్చిందా? చేతులెత్తండి, వచ్చిందన్నవాళ్ళు. ...ఒక్కరూ లేరు.

పక్కన నిజాంపేటలో 2016 సెప్టెంబరు వానలకి బండారి లేఅవుట్ సెల్లార్లన్నీ మునిగి జనం పడవల మీద బయటికొచ్చారు, మనం టీవీలో చూశాం. చెరువు నీళ్ళు పోయే దారి లేదు, నేలలోకి ఇంకడానికి ఖాళీ జాగా లేదు, మరి ఎక్కడికి పోతాయి? ఇంకోవైపు 2006 నుంచి మన సిటీలో ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే స్థలాన్ని బట్టి ఎంత కట్టొచ్చు అన్న హద్దు తీసేశారు. ముందు రోడ్డు ఎంత వెడల్పు, చుట్టూ ఎంత వదిలారు అని చూసి ఎత్తు ఇస్తారు తప్ప ఈ జాగాలో ఇంతే కట్టాలి అన్న లెక్క లేదు. రెండిళ్ళున్న చోట ముప్పై కుటుంబాలొచ్చాయి. రానివ్వండి, మనుషులు రావాలి, మేమూ ఒకప్పుడు ఎక్కడినుంచో వచ్చినవాళ్ళమే, కానీ ముప్పై కుటుంబాల పిల్లలు ఎక్కడ ఆడాలో ఎవరూ లెక్క వెయ్యలేదు, అదే నా బాధ.

ఇప్పుడేం చెయ్యగలం సార్ అని మొన్న ఒకాయన అడిగాడు. చెయ్యగలం. బెంగళూరులో రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్ అని ఒక ఏరియా ఉంది, అక్కడ పార్కుకి వదిలిన జాగాని నర్సింగ్ హోమ్‌కి ఇచ్చేశారు. ఆ కాలనీవాళ్ళు కోర్టుకెళ్ళారు, మనలాంటివాళ్ళే, 1991లో సుప్రీంకోర్టు వాళ్ళ పక్షానే తీర్పిచ్చింది. హాస్పిటల్ మంచిదే అయినా పార్కు జాగాలో కుదరదంది. మన గచ్చిబౌలి సంగతి నిన్నగాక మొన్న జరిగింది. యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలి భూముల్లో చెట్లు కొట్టేస్తుంటే యూనివర్సిటీ పిల్లలు అడ్డంగా నిలబడ్డారు, 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపమంది. పిల్లలమ్మా వాళ్ళు, మనకంటే చిన్నవాళ్ళు.

మనకి ఇంకా ఒక ముక్క ఉంది. వాటర్ ట్యాంక్ వెనకాల తుమ్మచెట్లున్న జాగా, నాలుగొందల గజాలు ఉంటుంది. పాత లేఅవుట్‌లో అదీ పచ్చరంగులోనే ఉంది, చూడండి. పోయిన వారం రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఈసీ, అంటే ఆ జాగా మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం తీయించాను, ఇంతవరకు ఎవరికీ రిజిస్టర్ కాలేదు. దాన్ని రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద ఉండే నిషేధిత జాబితాలో పెట్టిస్తే రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది, తర్వాత కంచె వేయించి బోర్డు పెట్టమని అడుగుదాం. నేనొక్కణ్ణి రెండుసార్లు వెళ్ళాను, చూస్తాం మాస్టారూ అన్నారు. ఒక్కడు వెళ్తే అంతే. ఈ సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంది, జనం ఫిర్యాదులు తీసుకునే రోజు, యాభై మంది వస్తే కూర్చోబెట్టి వింటారు. ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు ఒక పూట సెలవు పెట్టండి, బతిమాలుతున్నాను, ఒక్క పూట. రాలేనివాళ్ళు మీ అమ్మానాన్నల్ని పంపండి. తొమ్మిదింటికి ట్యాంక్ దగ్గర కలుద్దాం, ఆటోలు నేను మాట్లాడతా.

అయ్యో, బహుమతులు. రావాలమ్మా, ముందు ఆ 11 చుక్కల తల్లి రావాలి, నీకు మూడో బహుమతి. వచ్చే సంక్రాంతికి నీ 21 చుక్కలూ ట్యాంక్ వెనకాల మట్టి మీద వేద్దువుగాని, కళ్ళాపికి పేడ నేను తెచ్చిపెడతా. మిగతా వాళ్ళు వెళ్ళిపోకండి, సంతకాల కాగితం ఇక్కడే టేబుల్ మీద పెట్టాను, పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు అర్థమయ్యేలా రాయండి, పెన్ను పక్కనే ఉంది.